సాంబయ్య కుర్చీ

కిటికీ అవతల వాన పడుతుంటది. చప్పుడు ఉండది.

ఆ చప్పుడును సాంచలు మింగుతయి. సూరత్‌ల, ఈ సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాల నడుమ పుట్టి పెరిగిన సంధ్యారాణికి వాన అంటే కంటితో చూసేదే.

మాట కూడ అంతే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. ఈడ నోరు కనబడితే చాలు. సాంచల మోతల ఒకరి గొంతు ఒకరికి వినబడది — పెదవులు చూసి మాట పట్టుకోవాలె. సిరిసిల్ల దిక్కు నుంచి బతకవచ్చిన నాయిన సాంబయ్య బిడ్డకు మొదలు నేర్పిన విద్య ఇదే.

ఆ విద్యతోనే గెలిచింది సంధ్య.

బార్డోలీల జిల్లా బాక్సింగ్ పోటీ. సాంచను పక్క సాంచ నడిపే నరేశ్‌కు అప్పజెప్పి వచ్చిండు నాయిన. ముందు వరుసల కుర్చీల కూసున్నడు. పెదవులు కదిలినయి... ఎడమ. ఆగు. ఇగ కొట్టు. జనం ఎంత మొత్తుకున్నా ఆ మాటలకు అడ్డం రాలేదు. జిల్లా బంగారం. రాష్ట్రం బంగారం. హెడ్‌గార్డు తీసేసి ప్రొఫెషనల్ రింగు ఎక్కిన నాడు కూడ అదే కుర్చీ, అవే పెదవులు.

"నీకు బాక్సింగ్ ఏం తెలుసు సాంబయ్యా?" అని కోచ్ నరహరి నవ్వెటోడు.

"ఏం తెల్వది సార్. నా బిడ్డ తెలుసు."

పోయిన వానకాలం నాయిన సాంచ ముందటనే ఒరిగిండు, మళ్ల లేవలేదు.

ఒరిగేముందు ఏదో అన్నడట. పెదవులు కదులుడు నరేశ్ పక్క నుంచి చూసిండు, మాట మాత్రం అందలేదు. సంధ్య ఆడనే ఉన్నది. చెయ్యి చాపితే అందేంత దూరంల, ప్రాక్టీసుకు పోదామని చేతులకు పట్టీలు చుట్టుకుంటున్నది.

వీపు అటు పెట్టి.

నీళ్లు అడిగిండో... బిడ్డను పిలిచిండో.

అప్పటి నుంచి ప్రతి పోటీల ముందు వరుసల ఒక కుర్చీ ఖాళీగ ఉంచమంటది. అది ఖాళీగ ఉండది. నాయిన కూసుంటడు. పెదవులు కదులుతయి. అదే మాట... ఆ ఆఖరి మాట. పట్టుకుందామని చూస్తది — చూసిన రెప్పపాటుల దెబ్బ పడుతది. ఓడింది. మళ్ల ఓడింది.

ఈ సంగతి అమ్మ ఐలమ్మకు ఒక్కదానికే చెప్పింది. ఓడి ఇంటికొచ్చినప్పుడల్లా ఐలమ్మ దెబ్బలకు కాపడం పెట్టుకుంట అడిగేది, "ఈసారన్న ఆ మాట తెలిసిందా?"

టైటిల్ పోటీ నాడు నరహరి ఆమె మొఖం రెండు చేతుల పట్టుకున్నడు.

"అటు చూడకు బిడ్డా. ఇయ్యాల ఓడితే ఇగ ఎవ్వడు పోటీకి పిలువడు."

చూడలేదు. కుర్చీ దిక్కు వీపు పెట్టే కొట్టింది. వీపుకు తెలుస్తనే ఉన్నది — అంటున్నడు, ఈసారి సాఫ్‌గ అంటున్నడు, జర తిరిగితే దొరుకుతది... తిరగలేదు. ఎదుటి పిల్ల మోకాళ్ల మీద కూలింది. గంట మోగింది. సంధ్య చెయ్యి పైకి లేపిన్రు.

అప్పుడు తిరిగింది.

కుర్చీ. ఒట్టి కుర్చీ.

గెలిచిన సంతోషం రాలేదు. భయమైంది — ఆ మాట ఇగ దొరకదేమో.

తెల్లారి పొద్దుగాల గెలిచిన బెల్టు పట్టుకొని కార్ఖానాలకు పోయింది. సాంచలు నడుస్తున్నయి. నూలు కండెలు చుట్టుకుంట కూసున్న ఐలమ్మ లేచింది. బెల్టును కొంగుతోని తుడిచింది. బిడ్డ చెంపలు నిమిరింది. కడుపు నిండ నవ్వి, మోతల పెదవులు కదిలించింది.

నాయిన ఏమన్నడు?

సంధ్య పెదవులు విడివడినయి. ఏదో ఒక మాట చెప్పాలె... ఏ మాట?

ఐలమ్మ రెప్ప కొట్టకుండ బిడ్డ నోటి దిక్కే చూస్తున్నది.

కిటికీ అవతల వాన పడుతున్నది. చప్పుడు లేదు.