మోకాళ్ళ దగ్గర అతుకు

సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఎన్నికలొచ్చాయంటే వడ్రంగికి చేతినిండా పని, నోటినిండా తిట్లు. పని తన పార్టీకి కటౌట్లు కోయడం, తిట్లు పక్క పార్టీకి. రెండూ ఉచితమే. కార్యకర్త అన్న బిరుదొక్కటే కూలి.

ఈసారి చిక్కేమిటంటే పక్క పార్టీ తరఫున నిలబడింది సొంత బావ, పడవల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. "నువ్వు కోస్తేనేరా మీ బావ ముఖం ముఖంలా ఉంటుంది" అని అక్క అడిగితే వడ్రంగి కాదనలేకపోయాడు. మంచి చెక్క తెచ్చి రెండు నిలువుల ఎత్తు బావని కోశాడు. పలక చాలక మోకాళ్ళ దగ్గర అతుకు వేశాడు. నవ్వు మాత్రం అచ్చు దిగింది. దాన్ని తీసుకెళ్ళి రేవు దగ్గర నిలబెట్టారు.

అది మొదలు పార్టీ ఆఫీసులో వడ్రంగిని కాల్చుకు తిన్నారు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టావు, జాగ్రత్త" అన్నాడొకడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు" అంది టీ పోస్తున్న బడ్డీకొట్టావిడ. వడ్రంగికి ఒళ్ళు మండింది. అప్పటికప్పుడు ఫోన్ తీసి, కొత్తగా పార్టీలో చేరిన టైర్ల కొట్టువాడితో అందరూ వినేట్టు అరిచాడు.

"సాయంత్రానికల్లా రేవు దగ్గర మా బావ నిలబడి ఉండకూడదు. మోకాళ్ళ మీద కొట్టు, అక్కడే బలహీనం. పడ్డాక నీళ్ళలోకి తోసెయ్. నా వాడని చూడకు!"

ఆఫీసంతా చప్పట్లు. పాతకాపులకి ఆ భాష అలవాటే, కటౌట్లని వాళ్ళు మనుషుల్లాగే పిలుచుకుంటారు. ప్రెసిడెంటుని తాళ్ళతో కట్టారా, లాయరు తల ఊడింది మేకు కొట్టండి, ఇదీ వరస. కొత్తవాడికి ఆ భాష ఎవరు నేర్పారు కనక? పైగా బావకి నిజంగానే మోకాళ్ళ నొప్పులు. సాయంత్రమైతే రేవులోనే ఉంటాడని ఊరందరికీ తెలుసు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఈ మాట టైర్ల కొట్టు దాకా వెళ్తే చాలింది.

పొద్దు వాలేసరికి వడ్రంగికి కోపం దిగి మనసు పీకింది. ఎంతైనా తన చేత్తో కోసిన నవ్వు. ఆపుదామని ఫోన్ చేస్తే టైర్ల కొట్టువాడు ఎత్తలేదు, రేవుకి పరిగెత్తాడు. కటౌట్ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

అప్పుడే రేవు మెట్లెక్కి టైర్ల కొట్టువాడు వచ్చాడు. నడుము దాకా తడి. చేతిలో టైర్లు ఊడదీసే ఇనపకడ్డీ, దాని కొనకి నెత్తురూ వెంట్రుకలూ.

"అయిపోయిందన్నా. మోకాళ్ళు రెండూ విరిచా. అయినా పాక్కుంటూ పోతుంటే తలమీద ఇంకోటి వెయ్యాల్సొచ్చింది. 'మా బావమరిదిని పిలవరా' అంటాడు. ఆయనే పంపాడని చెప్పా."

వడ్రంగి మెట్ల మీంచి నీళ్ళలోకి దూకాడు. ఎర్రబడ్డ నీళ్ళలో తడిమి తడిమి బావని ఒడ్డుకి లాగాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఊపిరి లేదు. కడ్డీ లాక్కుని టైర్ల కొట్టువాడి మూతి మీద బాదాడు, పళ్ళు రాలేదాకా బాదాడు. కేకలకి రెండు పార్టీలవాళ్ళూ పరిగెత్తుకొచ్చి, సంగతేమిటో కనుక్కోకుండానే జెండా కర్రలతో ఒకళ్ళ తలలొకళ్ళు పగలగొట్టుకున్నారు.

అక్క వచ్చేసరికి అందరి చేతులూ ఆగిపోయాయి. ఆమె మొగుడి తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఎవరు చెప్పారు?"

టైర్ల కొట్టువాడు నెత్తురు ఉమ్మి వడ్రంగి వైపు వేలు చూపించాడు. "అన్నే చెప్పాడు."

వడ్రంగి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నేనన్నది చెక్కనక్కా! చెక్కని కొట్టమన్నా!"

అక్క తలెత్తి కటౌట్ వంక చూసింది. మళ్ళీ తమ్ముడి వంక చూసింది.

"చెక్క బానే ఉందిగదరా" అంది.