ఇద్దరెక్కిన సైకిల్

నేను ఒక సైకిల్‌ని. ఇరవై రెండంగుళాల నల్ల సైకిల్‌ని. గేర్లూ గీర్లూ లేవు, పూసలూ కుచ్చులూ లేవు. అలాగని తీసిపారేయకండి. ఇరవై ఏళ్లుగా ఇద్దరు మగాళ్లనూ, రెండు అన్నం క్యారేజీలనూ రోజూ పధ్నాలుగు కిలోమీటర్లు మోస్తున్నదాన్ని. మీలో ఎంతమందికి అంత ఓపిక ఉందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

నేను ఒకచోట పుట్టలేదు. ఫ్రేము ఒక పెట్టెలో, రిమ్ములు ఇంకో మూటలో, పెడళ్లు మరెక్కడినుంచో వచ్చి సామర్లకోటలో రైలు దిగాయట. స్టేషను రోడ్డులో సైకిల్ షాపు మేస్త్రి ఒక మధ్యాహ్నం నేల మీద చతికిలబడి అన్నీ కలిపి బిగించాడు. చివర్లో బెల్లు పెట్టి ట్రింగుమని ఒకసారి మోగించాడు. నాకు గుర్తున్న మొదటి సంగతి ఆ చప్పుడే. రెండోది, నా ఎదురుగా నిలబడి పోట్లాడుకుంటున్న ఇద్దరు పెళ్లికాని మగాళ్లు. ఒకడు ఎర్ర సీటుకవరు కావాలంటాడు, ఇంకొకడు ఎర్ర కవరేస్తే పెళ్లికొడుకు సైకిల్లా ఉంటుందంటాడు. సగం సగం వేసుకుని నన్ను కొన్నవాళ్లు ఆ ఇద్దరూ. అలా నాకు పుట్టిన రోజే ఇద్దరు యజమానులు దొరికారు.

ఎర్ర కవరు అడిగినవాడు త్రిమూర్తులు. పంచదార ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని. ఆవిరి ఎంత ఉంది, నీళ్లు ఎంత ఉన్నాయి అని గేజుల మీద ముల్లు చూసి, ఎక్కువ తక్కువలు కనిపిస్తే కేకెయ్యాలి. వద్దన్నవాడు అబ్బులు. అదే బాయిలరు కింద ఆవిరి గొట్టాలు బిగించే ఫిట్టరు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే వీధి, ఎదురెదురు ఇళ్లు. నేను ఒక వారం ఈ ఇంట్లో, ఒక వారం ఆ ఇంట్లో పడుకునేదాన్ని. చైనుకి నూనె పెట్టిన రోజు నేను ఎవరికివారికి “నా సైకిల్”. పంక్చరైన రోజు మాత్రం “నీ సైకిలు మళ్లీ కూర్చుందిరా” అని ఒకరికొకరు అప్పజెప్పేవాళ్లు. మనుషుల్లో ఇదొక వింత.

తొక్కడానికి వాళ్లకో కట్టడి ఉంది. పొద్దున త్రిమూర్తులు తొక్కాలి, సాయంత్రం అబ్బులు తొక్కాలి. ఎందుకంటే పొద్దున అబ్బులు మనిషి కాదు. ఇంటి ముందు క్యారియర్ మీద కూర్చుంటాడు, చెరువు మలుపు దాటేసరికి త్రిమూర్తులు వీపుకి తలానించి గుర్రు పెడతాడు. ఏడు కిలోమీటర్లలో చాలామటుకు కాలవగట్టు మీదే. ఎదురుగా సూర్యుడు, పక్కన నీళ్లు, వీపు మీద నిద్రపోయేవాడు, అదీ త్రిమూర్తులు పొద్దు. కాలవ నీళ్లు ఆపే లాకుల వంతెన దగ్గర మాత్రం “దిగరా” అని మోచేత్తో పొడుస్తాడు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనకవాడు దిగి నడవాలన్నది రెండో కట్టడి. అబ్బులు కళ్లు మూసుకునే దిగి, కళ్లు మూసుకునే నడిచి, అవతల మళ్లీ ఎక్కేవాడు.

దారిలో రైలు గేటు ఒకటుంది. అది పడితే మనుషులు ఎంత తమాషాగా ఉంటారో చూడాలి. రైలు వస్తుందని అందరికీ తెలుసు, కిందనుంచి దూరకూడదని బోర్డుంది, అయినా సరే మమ్మల్ని పక్కకి వాల్చి, మెడలు వంచి, ఒకరి తర్వాత ఒకరు దూరిపోతారు. అంత ప్రాణాలకి తెగించి ఫ్యాక్టరీకి చేరాక గేటు ముందు టీ బడ్డీ దగ్గర నిలబడి పనివేళ కూత కూసేదాకా కబుర్లు చెప్పుకుంటారు. మరి ఆ తొందరంతా దేనికో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అడుగుదామంటే నాకున్నది ఒక్క బెల్లు.

త్రిమూర్తులు తొక్కుడు గురించి ఒకమాట చెప్పాలి. ఆ కాలవగట్టు మీద ఎన్ని గోతులున్నాయో ఆయనకి వేళ్ల మీద లెక్క. వీపు మీదవాడికి నిద్రాభంగం కాకుండా ఒక్కొక్కదాన్నీ తప్పించుకుపోయేవాడు. అలాంటిది పోయిన ఎండాకాలం వెళ్లాక, ఒకరోజు నన్ను నేరుగా తీసుకెళ్లి గోతిలో దించాడు. నా వెనక చక్రం పుల్లలు రెండు వంగాయి. అబ్బులు నాలుక కరుచుకుని లేచాడు. పొరపాటేలే అనుకున్నాను. మర్నాడు ఇంకొకటి. ఆ వారంలో ఐదు గోతులు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్లకి నేనంటే లోకువైపోయానా అని పట్టుకున్నచోటల్లా కీచుమన్నాను.

ఒకరోజు కాలవగట్టు మీద మైలురాయిని చూసి త్రిమూర్తులు బెల్లు కొట్టి, “నమస్కారమండీ సూపర్వైజరుగారూ” అన్నాడు. అబ్బులు పకపకా నవ్వాడు. “మైలురాయికి దణ్ణాలేంట్రా, ప్రమోషనిస్తాదా?” అన్నాడు. త్రిమూర్తులు కూడా నవ్వాడు. కానీ నా హ్యాండిలు పట్టుకున్న ఆ రెండు చేతులూ చెమటలు పట్టి ఉన్నాయి. అది నాకొక్కదానికే తెలుసు.

అబ్బులు ఆ మర్నాడు నిద్రపోలేదు. ఆపై మర్నాడూ నిద్రపోలేదు. మూడోరోజు లాకుల దగ్గర దిగి, కళ్లు తెరుచుకునే నడుస్తూ అడిగాడు.

“ఒరేయ్, నీకు కళ్లు కనపడతన్నాయా?”

త్రిమూర్తులు నన్ను వంతెన గోడకి ఆనించాడు. “మబ్బుగా ఉంటందిరా. పొద్దుటెండ ఎదురుగా కొడితే ఇంక ఏవీ తెలీదు. ఎవరికీ సెప్పకు. మంగతాయారుక్కూడా తెలీదు” అన్నాడు. మంగతాయారంటే ఆయన భార్య.

ఎందుకు చెప్పకూడదో నాకు అప్పుడర్థమైంది. చెరుకు ఆడే గానుగ సీజను మొదలయ్యేముందు ఏటా ఫ్యాక్టరీ డాక్టరు అందరి కళ్లూ పరీక్ష చేస్తాడు. బాయిలరు మనిషి అందులో తప్పితే ఇంటికి పంపేస్తారు. కిందటేడు అలా పంపేసిన గన్నెయ్య అనే పెద్దాయన ఇప్పటికీ కూతవేళకి టీ బడ్డీ దగ్గరకొచ్చి నిలబడతాడు. అందరూ లోపలికి పోయాక ఒక్కడూ వెనక్కి నడుస్తాడు. త్రిమూర్తులుకి పదవీ విరమణకి ఇంకా పదమూడేళ్లుంది. పరీక్షకి రెండు నెలలే ఉంది.

ఇక్కడ మా అబ్బులు బుర్ర పనిచేసింది. వారం తిరక్కుండా మూడుసార్లు కడుపునొప్పని డాక్టరు గదికి వెళ్లాడు. మూడుసార్లూ చేదు మందు తాగాడు. బల్ల మీద పడుకుని మూలుగుతూనే గోడకున్న అక్షరాల అట్టని వరసకి వరస బుర్రకెక్కించుకొచ్చాడు. ఆ మర్నాటినుంచి నా మీద బడి మొదలైంది.

“మొదటి వరస?”

“ర.”

“రెండు?”

“గ, ట.”

“మూడు?”

“ప, ల, ఠ.”

“నాలుగులో ఎనకనించి సెప్పు.”

ఇదేం మంత్రమో నాకు మొదట్లో అస్సలు తెలియలేదు. పెడలు ఒకసారి తిరిగితే ఒక అక్షరం. ఎత్తు వస్తే అక్షరాలు నిదానించేవి, పల్లం వస్తే పరుగెత్తేవి. రైలు గేటు దగ్గర ఎవరో “ఏంటబ్బులూ, ఏదన్నా దీచ్చా?” అని అడిగితే “మొక్కండీ, నలభై రోజులు” అని భక్తిగా కళ్లు మూశాడు. చివరికి నాకూ వచ్చేశాయి. ఏడో వరస ఇప్పుడడిగినా చెబుతాను.

పరీక్ష రోజు సాయంత్రం ఇద్దరూ గేటు బయటికి ఎలా వచ్చారంటే, నా స్టాండు తియ్యడం కూడా మరిచిపోయి ఎక్కబోయారు. “ఒక్కటి తప్పలేదురా! పైనించి అడిగాడు, కిందనించి అడిగాడు, మజ్జిలోంచి అడిగాడు!” అన్నాడు త్రిమూర్తులు. దారిలో పకోడీలు కట్టించుకున్నారు. అబ్బులు పాడుతూ తొక్కాడు. నాకూ ఒళ్లు తేలికైనట్టనిపించింది. గానుగకి ఇంక పది రోజులే. బాయిలరు వెలిగిస్తారు, ఎప్పటిలాగే అన్నీ నడుస్తాయి అనుకున్నాను.

ఇంటి అరుగు దగ్గర నన్ను ఆపి, అబ్బులు గొప్పంతా మంగతాయారు ముందు పెట్టాడు. ఆవిడ చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెప్పిందంతా విని, చేట పక్కన పెట్టింది.

“అయితే అన్నయ్యగారూ, ఆ బాయిలరు గేజులో ముల్లు రోజూ ఒకేకాడ ఉంటదాండీ?”

“అదెలా ఉంటదమ్మా? ఆవిర్ని బట్టి తిరుగుతా ఉంటది.”

“మరది కూడా బట్టీ పట్టించారా?”

అబ్బులు నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ మొగుడికేసి కాదు, అబ్బులుకేసే చూస్తోంది. “ముల్లు దాటిపోయి ఈయనకి కనపడక, కేకెయ్యకపోతే ఆ గొట్టాలకాడ ఉండేది ఎవరండీ? మీరే కదా” అంది. పకోడీల పొట్లం ఎవరూ విప్పలేదు.

మర్నాడు నా మీద అక్షరాల్లేవు, గుర్రుల్లేవు. లాకుల దగ్గర అబ్బులు దిగాడు. త్రిమూర్తులు కూడా దిగాడు.

“నేను డాక్టరుగారికి సెప్పేత్తానురా.”

“నీకేవన్నా మతి పోయిందా? ఇంత కష్టపడి... నేను తాగిన మందు ఎవడు కక్కుతాడు? ముల్లు నేను సూసి సెప్తాలేరా!”

“నువ్వు కిందుంటావు, ముల్లు పైనుంటది. ఎలా సూత్తావు?”

“నిన్ను పీకేత్తారు!”

“పీకనీ. నువ్వు కాలిపోతే నేను రోజూ ఈ గట్టంట ఎలా రావాలిరా?”

అబ్బులుకి దుఃఖం వచ్చినా కోపంలాగే వస్తుంది. “నీ ఇష్టం, సావు!” అని, ఇరవై ఏళ్లలో మొదటిసారి నా మీద ఎక్కకుండా, మిగతా దారంతా నడిచే వచ్చాడు. త్రిమూర్తులు వెనక నడుస్తూ నన్ను నడిపించాడు. మీద ఎవరూ లేకుండా నేను ఫ్యాక్టరీకి చేరడం కూడా అదే మొదటిసారి. గేటు లోపల ఏం జరుగుతుందో మాకెప్పుడూ తెలీదు. ఆరోజు స్టాండులో నిలబడి ఆ గేటుకేసే చూశాను. భయమేసింది. రేపటినుంచి ఈయన కూడా గన్నెయ్య పక్కన నిలబడతాడా అనిపించింది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. అబ్బులు తొక్కుతున్నాడు. రైలు గేటు పడింది. దాని కింద అందరూ దూరుతున్నా వీళ్లు దూరలేదు.

“ఏవన్నాడు?” అన్నాడు చివరికి అబ్బులు.

“బేటరీ లైటేసి సూశాడు. శుక్లాలంట. తీసేత్తే మళ్లీ సూపొత్తాదంట. ‘ఈపాటి దానికి రెండు నెలలు అచ్చరాలు బట్టీ పట్టావా, మొదట్లోనే వచ్చుంటే ఈపాటికి నయమై కూర్చునేవాడివి కదయ్యా’ అని తిట్టాడు. పాసని రాసింది కొట్టేశాడు. కోయించుకుని వచ్చాక మళ్లీ పరీచ్చంట. అందులో నెగ్గితే పని, లేపోతే ఇంటికి.”

“అచ్చరాలెవడు నేర్పాడని అడగలేదా?”

“అడిగాడు. నేనే సూసుకుని నేర్చుకున్నానన్నాను. నమ్మలేదనుకో.”

రైలు వెళ్లిపోయింది, గేటు లేచింది. వెనకవాళ్లు బెల్లులు కొడుతున్నారు. అబ్బులు చాలాసేపు నన్ను కదపలేదు.

ఆ తర్వాత నెలన్నర నా మీద ఒక్కడే. బరువు సగమైతే సుఖంగా ఉంటుందని మీరనుకుంటారు. ఏమీ బాగాలేదు. వెనక క్యారియర్ ఖాళీగా గడగడమంటుంటే నాకే చిరాకేసేది. పాపం అబ్బులుకి పొద్దుటి నిద్ర పోయింది. ఆవులించుకుంటూ తొక్కేవాడు. వంతెన ఎక్కేటప్పుడు అలవాటుకొద్దీ దిగేసేవాడు. బాయిలరు దగ్గర వేరే మనిషిని పెట్టారు. కాకినాడలో త్రిమూర్తులుకి ముందు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను కోశారు. రోజూ సాయంత్రం అబ్బులు ఎదురింటికి వెళ్లి, కళ్లకి పచ్చ గుడ్డ కట్టుకుని కూర్చున్న మనిషికి ఫ్యాక్టరీ సంగతులన్నీ చెప్పేవాడు. సీజను బాగుందనీ, కొత్తవాడికి పని రాదనీ చెప్పేవాడు. రెండోది అబద్ధం. వాడికి బాగానే వచ్చునని దారిలో తనలో తనే గొణుక్కోవడం నేను విన్నాను.

మళ్లీ పరీక్ష రోజు వచ్చింది. త్రిమూర్తులు కళ్లలో దుమ్ము పడకూడదని నల్ల కళ్లద్దాలు పెట్టించి, పొద్దుటి తొక్కుడు కూడా అబ్బులే తొక్కాడు. త్రిమూర్తులు క్యారియర్ పట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు. డాక్టరు పాత అట్ట తీసేసి కొత్తది తెప్పించాడని అబ్బులుకి తెలుసు. అది చెప్పి భయపెట్టడం ఇష్టంలేక చెప్పలేదు.

సాయంత్రం కూత కూసింది. గేటులోంచి అందరికంటే ముందు వచ్చినవాడు త్రిమూర్తులు. నల్లద్దాలు చేతిలో ఉన్నాయి. నెగ్గాడని మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఒకటో తారీకునుంచి బాయిలరు దగ్గరే పని.

ఇక చూడండి నా పాట్లు. క్యారియర్ మీద కూర్చున్న క్షణంనుంచి ఆయన ఆగకుండా చదువుతూనే ఉన్నాడు. “శ్రీ వీరభద్రా మెడికల్స్. ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును. ఈ గోడపై నోటీసులు అంటించరాదు. హారన్ కొట్టుము.” ఎరువుల బస్తా మీద పేరు చదివాడు, వెళ్లిపోయే లారీ నంబరు చదివాడు, గోడ మీద ఎప్పటివో సగం చెరిగిన ఎన్నికల గుర్తులు చదివాడు.

“ఆపరా నాయనా, సెవులు పోతన్నాయి!” అని అబ్బులు మొత్తుకున్నాడు. అలా మొత్తుకుంటూనే, బోర్డులు బాగా కనపడేలా నన్ను నిదానంగా తొక్కాడు.

ఊళ్లు దాటి కాలవగట్టు మీదికొచ్చాం. చదవడానికి ఇంక బోర్డుల్లేవు. ఎండ పల్చబడింది. వెనకవాడు ఉన్నట్టుండి మాట్లాడ్డం మానేశాడు.

“ఏరా, నిద్దరపోయావా?” అన్నాడు అబ్బులు.

“ఒరేయ్, నీ తలంతా తెల్లగా అయిపోయిందేంట్రా?”

“ఇయ్యాల కాదురా. ఏడాదయింది.”

“మరి నాకు సెప్పలేదేం?”

“రోజూ నా ఎనకాలే కూకుంటావు కదా. సూత్తానే ఉన్నావనుకున్నాను.”

త్రిమూర్తులు మిత్రుడి వీపుకి తలానించి, ఊరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.