నిండు క్యాను

తెల్లవారుజామున సోదాకు వెళ్లిన కార్లు పొద్దెక్కకముందే తిరిగి వచ్చేసరికి ఫ్లాస్కమ్మ రెండో విడత టీ వడపోస్తోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే తెలిసిపోయింది, ఈసారీ ఏమీ దొరకలేదని. దొరికిన రోజు ఆ బూట్లు వేరేగా మోగుతాయి.

ఆమె అసలు పేరు జీతాలు రాసేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. వేళ్ల చివరలు వేడికి మొద్దుబారాయి. ఫ్లాస్కులు మోసీ మోసీ కుడి భుజం కాస్త కిందికి జారింది.

ఆదాయపు పన్ను శాఖ ఎలా నడుస్తుందో ఆమె కప్పులు పట్టి నేర్చుకుంది. అందరి పైనా రాజధానిలో బోర్డు ఉందట. ఆ కప్పులు ఎలా ఉంటాయో చూడలేదు. కింది అంతస్తులో లెక్కలు చూసే వార్డులు, అక్కడ గాజు గ్లాసులు. మధ్య అంతస్తులో కమిషనర్లు, వాళ్లకు సాసర్లు. పై అంతస్తు సోదా విభాగం. అక్కడ కప్పు పెట్టి మాట వినకుండా వెనక్కి తిరగాలి. ఏ అంతస్తు సంగతి ఆ అంతస్తుదే. ఎవరింటికి వెళ్తున్నారో డ్రైవరుకు కూడా కారు కదిలాకే చెబుతారు.

ఆ డ్రైవరు ఆమె అల్లుడు.

"ఎక్కడికి వెళ్తామో బయటికి పొక్కడం లేదు, ఎప్పుడు వెళ్తామో పొక్కుతోంది," అంటున్నాడు సోదా విభాగం డైరెక్టరు తన మనుషులతో, ఆమె కప్పు పెడుతుంటే. "ఊళ్లో దొంగలంతా అదే రాత్రి ఇల్లు సర్దుకుంటున్నారు. ముందురోజు కబురు వెళ్లేది డ్రైవరుకే. సాయంత్రానికి వాడి దగ్గర తాళాలు తీసుకోండి."

టీ కోసం ముందురోజే ఫ్లాస్కమ్మకు కూడా కబురు వెళ్తుందని ఎవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు.

అల్లుడు మెట్ల కింద తన మోటారుసైకిలు తుడుచుకుంటున్నాడు. అది తళతళలాడుతోంది.

"కొత్తదా బాబూ?"

"పాతదే, రంగు వేయించా." గుడ్డ పిండుతూ తలెత్తాడు. "మీరు కూడానా అత్తయ్యా?"

"నేనేమన్నాను?"

"అనలేదు. చూశారు."

కూతురి ఒళ్లో పసిబిడ్డ మెదిలింది ఆమె కళ్ల ముందు. వీడి పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వీడే చేసి ఉంటే? ఆ మధ్య కూతురికి కొన్న బంగారు గాజులు? పచ్చకామెర్ల కళ్లకు లోకమంతా పచ్చనే అని తనను తనే తిట్టుకుంది. అయినా ఆ పచ్చ పోలేదు.

సాయంత్రం డైరెక్టరు ముక్తసరిగా చెప్పాడు: "రేపు తెల్లవారుజామున మళ్లీ. అందరికీ టీ."

ఆమె క్యాను పట్టుకుని ఎదుటి పాలబూతుకు వెళ్లింది. మామూలు రోజు సగం క్యాను చాలు.

"నిండుగానా అక్కా?" పాలవాడు ఎప్పటిలాగే నవ్వాడు. "అయితే రేపు ఎవరికో మూడింది!"

ఎప్పుడూ తనూ నవ్వేది. ఇవాళ అందరినీ అనుమానంగా చూసి చూసి ఉన్న కళ్లు బల్ల మీదికి పోయాయి. రోజూ అక్కడే కూర్చుని, బాగున్నావా అమ్మా అని పలకరించే పెద్దమనిషి పాలగ్లాసు సగంలో దించి ఫోను తీశాడు.

"బాబాయ్, రేపు చుట్టాలొస్తున్నారు. ఇల్లు సర్దించు."

ఆమె చేతిలో క్యాను ఒక్కసారిగా బరువెక్కింది. ఇన్నాళ్లూ ఊరికి దండోరా వేసింది తనేనా?

దాన్ని మోసుకుంటూనే పై అంతస్తుకు ఎక్కింది. అల్లుడు డైరెక్టరు గది బయట తాళాల గుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అతణ్ని దాటి లోపలికి వెళ్లింది.

"తాళాలు తీసుకోకండి సార్. కబురు బయటికి మోసింది వాడు కాదు."

"నువ్వా?"

"నేను కాదు సార్. ఈ క్యాను."

ఆమె చెప్పిందంతా విని డైరెక్టరు తన మనుషుల్ని పిలిచాడు. రేపటి పని రద్దు చేయమన్నాడు. తాళాలు డ్రైవరు దగ్గరే ఉంచమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్విక ఈ మెట్లు ఎక్కనక్కర్లేదమ్మా. మీ ఊరి ఆఫీసుకు బదిలీ రాయిస్తా," అన్నాడు.

బయట అల్లుడు ఏదో అనబోయాడు. ఆమె అతని భుజం తట్టి, "బిడ్డకు దిష్టి తియ్యమని చెప్పు," అని, క్యాను అక్కడే దించి మెట్లు దిగి వెళ్లిపోయింది. పొద్దున తను చూసిన చూపుకు క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

తెల్లారేసరికి ఎవరూ ముట్టని ఆ నిండు క్యాను, డైరెక్టరు గుమ్మం పక్కనే, మూత కింద మందంగా మీగడ కట్టి ఉంది.