సాక్ష్యానికి సున్నం

రెండువేల ఆరులో పొంగిన గోదారి దిగిపోయింది గాని, భద్రాచలం అవతలి విస్తరాకుల షెడ్డు గోడలు మాత్రం మళ్ల ఆరలేదు. నల్లగ బూజు పట్టినయి. ఆ గోడల నడుమ ఆకులు కుట్టే ముత్తక్కకు ఆయాసం పట్టుకుంది. పరిహారం కావాలని దరఖాస్తు పెడితే, షెడ్డు చూడ్డానికి ఖమ్మం నుంచి లేబరాఫీసరు వస్తుండని కబురొచ్చింది.

ముత్తక్క ఏం చేసింది? పెద్దసారు వస్తుంటే గలీజుగ ఉంచుతమా అని, దగ్గుకుంట దగ్గుకుంట గోడలన్నిటికీ సున్నం కొట్టింది. గడపకు పసుపు గూడ రాసింది.

తెల్లారి వచ్చిన ఆఫీసరు చుట్టూ చూసిండు. "బూజేదమ్మా? మా ఆఫీసే ఇంత శుభ్రంగ ఉండదు."

పక్కన ఆకులు కుట్టే దుర్గ నెత్తి కొట్టుకుంది. "అక్కా, చూపించాల్సిందే కప్పిపెట్టినవ్ గదనే!"

"నా ఇజ్జత్ పోగొట్టుకోమంటవా ఏంది?" అని ముత్తక్క ఆమె మీదకే లేచింది.

ఆఫీసరు గోడకు ఒరిగి కూసొని చాయ్ తాగిండు. 'బిల్డింగు బాగుంది' అని రాసుకొని లేచిండు. ఆరని సున్నం బూజుతో సహా ఆయన నీలం చొక్కాకు అంటుకొని ఊడొచ్చింది. గోడ మీద అచ్చం ఆఫీసరంత నల్లమచ్చ తేలింది.

"సార్, మీ వీపు..." అనబోయిన దుర్గ నోరు మూసింది ముత్తక్క.

"ఊకో పిల్లా! ఖమ్మం దాకా పోనీ. కాగితం మీద ఏమన్న రాసుకోనీ, సాక్ష్యం వీపు మీద మోసుకపోతుండు."