ఎడమ పక్క సీటు

ఆ కాలనీకి బస్సు లేదు. స్థలాలు అమ్మేటప్పుడు పంచిన కాగితంలో ‘ఊరికి ఇరవై నిమిషాలు’ అని అచ్చు వేశారు. అది అబద్ధమేమీ కాదు, కారు ఉంటే ఇరవై నిమిషాలే. లేనివాళ్లు మాత్రం చివరి బస్‌స్టాపు దాకా మూడు కిలోమీటర్లు ఎండలో నడవాలి. అగ్గిపెట్టె అయిపోయినా కారు తీయాల్సిందే. అక్కడున్న ముప్పై ఇళ్లలో ప్రెస్సాయనది ఒకటి.

ఆయన ఇరవై ఆరేళ్లుగా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో రంగులు సరిచూసే పని చేస్తున్నాడు. క్యాలెండర్ బొమ్మలో ఎరుపు వెంట్రుకవాసి తేడా పడినా మిషను ఆపించేవాడు. తన కళ్లంటే ఆయనకు మహా గర్వం. రెండో గర్వం కారు. పొద్దున్నే రేడియో పెట్టుకుని, పక్కన ఎవరూ లేకుండా ఊళ్లోకి పోయే ఆ ఇరవై నిమిషాలే రోజు మొత్తంలో తనవి అనుకునేవాడు.

రెండు నెలల్లో నాలుగోసారి పెట్రోలు ధర పెరిగింది. ఆ సాయంత్రం ఆయన బంకు నుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. భార్య కుట్టుమిషను దగ్గర నుంచి తల ఎత్తకుండానే అంది.

“నాలుగు సీట్ల కారులో ఒక్కరే ఊరేగుతూ, ధరలు పెరిగాయని ఏడిస్తే ఎలాగండీ? పక్క వీధిలో ఉండే, కళ్లజోళ్ల షాపులో పనిచేసే అమ్మాయి రోజూ కాలనీ గేటు దగ్గర నిలబడి ఉంటోంది. ఇన్నాళ్లూ ఆమె ఎక్కే షేరింగ్ వ్యానువాడు గిట్టుబాటు కావట్లేదని రావడం మానేశాడట. ఎక్కించుకోండి, పెట్రోలు చెరి సగం వేసుకోవచ్చు.”

“నాకెందుకు ఆ తలనొప్పి? దారంతా మాట్లాడుతుంది.”

“మాట్లాడితే వినండి. నా మాట ఎలాగూ వినరు, అలవాటవుతుంది.”

అలా ఆ అమ్మాయి ఎడమ పక్క సీట్లోకి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లజోళ్ల షాపులో వచ్చినవాళ్ల చూపు పరీక్షించడం ఆమె పని. ఆయన భయపడ్డట్టు ఎక్కువ మాట్లాడలేదు. వారం తిరక్కముందే ఆయనే మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రెస్సు కబుర్లు, యజమాని పిసినారితనం, తన మోకాలి నొప్పి. ఆమె నవ్వుతూ వినేది. నవ్వుతూనే కొన్ని గమనించేది.

గేటుకు ఎడమవైపు తను నిలబడి చెయ్యి ఊపినా ఆయన చూడడు. కారుకు అడ్డంగా వస్తే మాత్రం, “ఎక్కడినుంచి ఊడిపడ్డావమ్మా?” అంటాడు. కారు ఎడమ తలుపు పొడవునా గీతలు. ఎడమ అద్దం మార్పించి నెల కాలేదు, మళ్లీ పగిలింది. “పక్కింటాయన గోడ ముందుకు జరిపి కట్టాడు,” అని ఆయన ఫిర్యాదు. ఆ గోడ కట్టి పదేళ్లయింది.

ఒక మంగళవారం పొద్దున కూడలి దగ్గర ఎడమవైపు నుంచి ఒక ముసలావిడ సైకిలు తొక్కుకుంటూ వస్తోంది. ఆమె ఎంతో దూరం నుంచే కనిపిస్తోంది. కారు వేగం తగ్గలేదు.

“బాబాయిగారూ, ఆపండి!”

బ్రేకు కీచుమంది. సైకిలు ముందు చక్రానికీ బంపరుకూ మధ్య జానెడు ఖాళీ మిగిలింది. ముసలావిడ తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లిపోయింది.

“ఆవిడ ఎక్కడినుంచి వచ్చిందసలు?” అన్నాడాయన.

ఈ మాట అంటే రేపటినుంచి ఈ సీటు ఉండదని అమ్మాయికి తెలుసు. అయినా అనేసింది.

“బాబాయిగారూ, మీకు ఎడమవైపు చూపు తగ్గిందేమోనని నా అనుమానం. ఇవాళ మధ్యాహ్నం ఒక్కసారి మా షాపుకి రండి. పరీక్ష చేస్తాను.”

ఆయన మొహం ఎర్రబడింది. “నాకా? రంగులు చూసి బతికేవాణ్ణి నేను! కళ్లజోడు అమ్ముకోవడానికి నేనే దొరికానా నీకు?”

ఆమె షాపు ముందు దిగి, తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయింది.

మర్నాడు గేటు దగ్గర కారు ఆగలేదు. ఆ మర్నాడూ ఆగలేదు. మూడో రోజు అమ్మాయి ప్రెస్సాయన లేనప్పుడు ఇంటికి వచ్చి, ఆయన భార్యను కూర్చోబెట్టి జరిగింది చెప్పింది.

“నన్ను ఎక్కించుకోకపోయినా ఫరవాలేదు పిన్నిగారూ. కానీ ఆయన్ని అలా నడపనివ్వకండి. ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి ఒకటుంది, చూపిస్తాను.”

ఆ సాయంత్రం ప్రెస్సాయన చెప్పులు విప్పుతుండగానే భార్య కుర్చీ వేసింది. “ఇలా కూర్చోండి. కుడి కన్ను మూసుకోండి. నా ముక్కు చూడండి, పక్కకి చూడకూడదు. నా వేళ్లు కనబడగానే చెప్పండి.”

“ఈ వయసులో ఈ ఆటలేమిటే?”

“ఆటే అనుకోండి.”

ఆయన నవ్వుతూ కుడి కన్ను మూసుకుని ఆవిడ ముక్కు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ జరగలేదు.

“ఏమిటే, ఇంకా చెయ్యి పెట్టలేదా?”

ఆవిడ ముక్కునే చూస్తున్నాడు కాబట్టి, ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం ఆయనకు స్పష్టంగా కనబడింది. అనుమానం వచ్చి తల తిప్పాడు. సుద్ద మరకలంటిన ఆవిడ వేళ్లు ఆయన ఎడమ చెంపకు మూరెడు దూరంలో ఆడుతూనే ఉన్నాయి.

“ఎంతసేపటినుంచి?” అన్నాడాయన.

“మీరు కూర్చున్నప్పటినుంచీ.”

కంటి డాక్టరు కళ్లలో ఒత్తిడి కొలిచి, అది పెరిగి చూపు నరాన్ని తినేసే నీటికాసుల జబ్బు అన్నాడు. ఎడమ కన్ను బాగా దెబ్బతింది, కుడిదానిలో ఇప్పుడిప్పుడే మొదలైంది. ఇందులో నొప్పి ఉండదు. పక్క చూపు పోతున్నా నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే రంగులు సరిగ్గానే కనబడ్డాయి.

“పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది ఉంటుంది. రోజూ ఈ చుక్కలు వేసుకోవాలి. ఇంకో ఏడాది ఇలాగే తిరిగుంటే కుడి కన్ను కూడా పోయేది. ఎవరు కనిపెట్టారు?”

“మా పక్క వీధి అమ్మాయి,” అన్నాడాయన.

“అదృష్టవంతులండీ మీరు. ఇక కారు మాత్రం నడపొద్దు.”

ఆ కాలనీలో కారు నడపొద్దంటే కాళ్లు కట్టేసినట్టే. రెండు రోజులు వరండాలో కూర్చుని కారు వంక చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. మూడో రోజు పొద్దున్నే తాళాలు పట్టుకుని గేటు దాకా నడిచాడు. అమ్మాయి బస్‌స్టాపుకి బయల్దేరబోతోంది.

“అమ్మాయ్, తప్పుగా మాట్లాడాను. నీ మొహం చూడ్డానికి సిగ్గుగా ఉంది.”

“పోనీలెండి బాబాయిగారూ. వారం నుంచి నడిచి నడిచి రెండు కిలోలు తగ్గాను, నాకే లాభం.”

“నీకు డ్రైవింగు వచ్చా?”

“మా మామయ్య టాక్సీ మీద నేర్చుకున్నాను. లైసెన్సుంది. లేనిది కారే.”

ఆయన తాళాలు ఆమె చేతిలో పెట్టి, ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు. మొదటి కిలోమీటరు ఊపిరి బిగబట్టాడు. రెండో కిలోమీటరులో, “గేరు మార్చు, గేరు,” అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఇన్నేళ్లలో ఆ దారిని తీరిగ్గా చూడటం ఆయనకు అదే మొదటిసారి.

నెలలోపే వెనక సీట్లోకి ఇద్దరు వచ్చారు, స్కూలు పంతులమ్మ ఒకరు, ఆసుపత్రి నర్సు ఒకరు. వాళ్ల రెండు కార్లూ షెడ్డుల్లోనే ఉంటున్నాయి. ప్రెస్సు యజమాని, ఆయన దారంతా తిట్టుకున్న ఆ పిసినారే, ఆయన్ని మిషన్ల మధ్య తిరగనివ్వకుండా కిటికీ దగ్గర బల్ల వేయించి, “అచ్చు కాగితాలు ఇక్కడికే పంపిస్తాను, రంగులు చూసి చెప్పండి,” అన్నాడు. పంతులమ్మ రోజూ సాయంత్రం ఎక్కగానే, “చుక్కలు వేసుకున్నారా?” అని హాజరు తీసుకుంటుంది. వీళ్ల కబుర్లలో రేడియో వినబడటం లేదు. ఆయనకు దాని మీద బెంగ కూడా లేదు.

ఒక ఆదివారం భార్య బట్ట కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని అన్నాడు. “పెట్రోలు పెరక్కపోయుంటే నేను ఆ పిల్లని ఎక్కించుకునేవాణ్ణే కాదు. కదా?”

“ఆ మాట బంకు దగ్గర మాత్రం అనకండి, వరసలో ఉన్నవాళ్లు కొడతారు.”

ఆయన నవ్వాడు. తర్వాత నెమ్మదిగా, “ఆ సీటు పోతుందని తెలిసి కూడా చెప్పిందే,” అన్నాడు. “సొంతవాళ్లు కూడా చెప్పడానికి ఆలోచిస్తారు. నేను ఆమెకి ఏం చేశానని?”

భార్య కత్తెర పక్కన పెట్టింది. “ఏం చేశానా అని ఆలోచిస్తూ కూర్చోకండి. వెళ్లి చెప్పి రండి. ఇంతవరకూ తప్పయిందన్నారే గానీ, మంచి చేశావని అనలేదు.”

ఆయన లేచి చొక్కా మార్చుకున్నాడు. పక్క వీధే అయినా, తలుపు దగ్గర ఆగి, మెడ పూర్తిగా ఎడమవైపు తిప్పి చూసుకుని వీధిలోకి దిగాడు. అమ్మాయి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఈసారి ఆయనే ముందు చెయ్యి ఊపాడు.