ఎడమ చేతి పిడి

ఉడికిన బంగాళాదుంపలకి వేడి మీదుండగానే తొక్క తీస్తే సులువుగా ఊడొస్తుంది, వేళ్ళు మాత్రం కాలతాయి. ఊరి పిస్టల్ షూటింగ్ క్లబ్బు వంటింట్లో ఇరవై ఏడేళ్ళుగా అన్నెగ్రెట్ అలాగే తీస్తోంది. ఏటా జూలైలో క్లబ్బు పండగకి ఎనభై మందికి సలాడ్ ఆమే చెయ్యాలి. చెయ్యమని ఎవరూ అడగరు. ఇంకెవరైనా చెయ్యొచ్చు కదా అని ఎవరికీ తోచదు కూడా. ఆ రోజు తొక్కలు తీస్తూనే, బీరు సీసాల కోసం లోపలికొచ్చిన భర్తతో మామూలుగా అంది.

"మారెన్‌కి ముప్పై నిండుతున్నాయి కదా. పుట్టినరోజుకి సొంత పిస్టల్ ఒకటి కొనిద్దామనుకుంటున్నాను."

హార్ట్‌మూట్ నవ్వాడు. "నువ్వా? పిస్టల్‌కి ముందు వైపేదో వెనక వైపేదో తెలుసా నీకు?"

అతని వెనక నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళూ నవ్వారు. అలవాటు కొద్దీ అన్నెగ్రెట్ కూడా నవ్వింది.

హార్ట్‌మూట్ ఆ క్లబ్బుకి కార్యదర్శి. హాలు గోడ మీద సగం పతకాలు అతనివే. అన్నెగ్రెట్ మాత్రం పది మీటర్ల దూరాన గురికోసం కట్టే కాగితం మీద ఒక్కసారి కూడా గురి పెట్టలేదు. గ్లాసులు కడుగుతుంటే గోడ అవతల నుంచి వినిపించే టప్, టప్ చప్పుడే ఆమెకి తెలిసిన షూటింగ్. కూతురు మారెన్ ఓల్డెన్‌బుర్గ్ పట్టణంలో సర్వేయరు. అక్కడి క్లబ్బులో ఈ వసంతంలోనే చేరింది. నాన్నకి చెప్పకుండా, ముందు తల్లికి ఫోన్ చేసి చెప్పింది.

"బాగుందమ్మా, కానీ కుదరట్లేదు. ట్రైనరు చూసి, నువ్వు గురి చూసే కన్ను ఎడమది, పిస్టల్ పట్టే చెయ్యి కుడిది, రెండూ ఒకదాని మాట ఒకటి వినట్లేదు అన్నాడు. క్లబ్బు పిస్టల్ పట్టుకుంటే ఎవరి చెయ్యో అరువు తెచ్చుకున్నట్టుంటోంది." అని నవ్వేసి, వాతావరణం గురించి మాట్లాడింది.

ఫోను పెట్టేసి అన్నెగ్రెట్ ఇస్త్రీ బల్ల ముందు అలాగే నిలబడిపోయింది. హార్ట్‌మూట్ చొక్కా కాలరు మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

తుపాకుల దుకాణానికి ఆమె ఒక్కతే వెళ్దామనుకుంది. హార్ట్‌మూట్ కారు తాళాలు తీసుకుని ముందే బయట నిలబడ్డాడు. యజమాని ఓల్ట్‌మాన్ అతనికి పాత పరిచయం. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. అన్నెగ్రెట్ "మా అమ్మాయికి ఎయిర్ పిస్టల్ కావాలి, మొదటిది" అంటే, ఓల్ట్‌మాన్ ఆమె మాట విని హార్ట్‌మూట్‌కి జవాబిచ్చాడు. బరువు గురించి, ట్రిగ్గర్ గురించి, గాలి సిలిండరు గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆమె గాజు బల్ల మీదున్న వాల్‌నట్ చెక్క పిడిని వేలితో తడిమింది. అరచేతి గుంటకి, బొటనవేలికి, ఒక్కొక్క వేలికీ చెక్కలో చోటు చెక్కి ఉంది. చేతి కోసం ఇంత ఆలోచించారా అనిపించింది.

"పిడి కుడి చేతికా, ఎడమ చేతికా?" అని అడిగాడు ఓల్ట్‌మాన్.

"కుడే" అన్నాడు హార్ట్‌మూట్.

"ఎడమ" అంది అన్నెగ్రెట్.

హార్ట్‌మూట్ ఓల్ట్‌మాన్ వైపు చూసి కన్ను గీటాడు. "మా ఆవిడకి కుడి ఎడమలు కారులో కూడా కలిసిపోతాయి. మా పిల్ల రాసేది కుడి చేత్తో, తినేది కుడి చేత్తో. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను."

మూడేళ్ళప్పుడు మారెన్ ఏం గీసినా ఎడమ చేత్తోనే గీసేది. అత్తగారు ఎర్నాకి అది నచ్చేది కాదు. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు చెయ్యి కలపడానికి పిల్ల ఎడమ చెయ్యి చాస్తే, "అందమైన చెయ్యి ఇవ్వు తల్లీ" అని ఎడమ చెయ్యి వెనక్కి లాగి కుడి చెయ్యి ముందుకి పెట్టించేది. ఆ ప్రాంతంలో పాతవాళ్ళందరూ అనే మాటే అది. అంటే రెండోది అందవికారమైనదని పిల్లకి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. అన్నెగ్రెట్ అప్పుడు బేకరీలో పని చేసేది. తెల్లవారకముందే వెళ్ళాలి, పన్నెండు దాటాక తిరిగి రావాలి. ఊళ్ళో చిన్నపిల్లల బడిలో చోటు లేదు. "పిల్లని నేను చూడబట్టే కదా నువ్వు ఉద్యోగం వెలగబెడుతున్నావు" అని అత్తగారు వారానికోసారి అనేది, కాఫీ పోస్తూ, ప్రేమగానే. ఒకరోజు పిండి అయిపోయి బేకరీ ముందే మూశారు. అన్నెగ్రెట్ సైకిల్ నడిపించుకుంటూ వచ్చి వంటింటి కిటికీ లోంచి చూసింది. మారెన్ ఎడమ మణికట్టు ఎప్రన్ తాడుతో కుర్చీకి కట్టేసి ఉంది. కుడి చేతిలో చెంచా వణుకుతోంది, సూప్ గౌను మీద కారుతోంది. పిల్ల ఏడవట్లేదు. అదే అన్నెగ్రెట్‌ని ఎక్కువ భయపెట్టింది. అలవాటైపోయిన ముఖం. ఎదురుగా హార్ట్‌మూట్ పేపరు చదువుతూ తింటున్నాడు. ఇంటి వెనక షెడ్డులోనే అతని ట్రాక్టర్ల మరమ్మతు పని, రోజూ మధ్యాహ్నం భోజనానికి లోపలికొచ్చేవాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి ఆ ముడి విప్పడానికి ఎన్ని అడుగులు వెయ్యాలి? ఏడు. ఆ ఏడడుగులూ ఆమె వెయ్యలేదు. వేస్తే రేపు పిల్లని ఎవరు చూస్తారు అన్న ప్రశ్న కాళ్ళకి అడ్డం పడింది. సైకిల్ వెనక్కి తిప్పుకుని చర్చి దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, మామూలు వేళకి ఇంటికొచ్చింది. ఆరేళ్ళ క్రితం ఎర్నా పోయినప్పుడు హార్ట్‌మూట్ అందరి ముందూ, "మా బిడ్డని పెంచింది మా అమ్మే" అని కళ్ళు తుడుచుకున్నాడు. అన్నెగ్రెట్ అంత్యక్రియలకి వచ్చినవాళ్ళకి ఆనవాయితీ ప్రకారం కేకు కోసి పెడుతూ విన్నది.

"ఎడమదే" అని గాజు బల్ల ముందు నిలబడి మళ్ళీ అంది. గొంతు ఆమె అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఓల్ట్‌మాన్ మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

"ఎడమది తెప్పించాలండీ, మూడు వారాలు పడుతుంది. చెయ్యి కొలత ఉందా?"

"ఏటా దాని గ్లవ్స్ నేనే అల్లుతాను." ఆమె తన ఎడమ చెయ్యి కాగితం మీద పరిచింది. "నా చేతికన్నా వేళ్ళు కొంచెం పొడుగు. అరచెయ్యి సన్నం. ఇక్కడ ఇంత తగ్గించండి." ఓల్ట్‌మాన్ పెన్సిల్‌తో ఆ చెయ్యి చుట్టూ గీశాడు. హార్ట్‌మూట్ బయటికెళ్ళి సిగరెట్ ముట్టించుకున్నాడు.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. హార్ట్‌మూట్‌కి ఆ రోజు పోటీ ఉంది, అన్నెగ్రెట్ రైల్లో ఒక్కతే వెళ్ళింది. మారెన్ తన ఇంటి చిన్న వంటింట్లో, కాఫీకి ముందే పెట్టె తెరిచింది. మొదట ముఖం వెలిగింది. "నాకా? సొంతంగా నాకా?" అని కుడి చేత్తో పిస్టల్ తీసింది. పిడి చేతిలో ఇమడలేదు. బొటనవేలికి చోటు అవతలి వైపుంది. తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా ఎడమ చేతిలోకి మార్చుకుంది. వేళ్ళన్నీ వాటి చోట్లలోకి అలా వెళ్ళి కూర్చున్నాయి. ఆ చేతిని, ఎవరో బంధువుని చాలా ఏళ్ళ తర్వాత చూసినట్టు, మారెన్ చూస్తూ ఉండిపోయింది.

అన్నెగ్రెట్ సంతోషపడబోయింది.

"అమ్మా, నీకు తెలుసా?"

అన్నెగ్రెట్ పెట్టెకి చుట్టిన కాగితాన్ని మడతపెట్టసాగింది.

"నానమ్మ కట్టేసేది. నీకు తెలుసా?"

"తెలుసు."

మారెన్ పిస్టల్‌ని పెట్టెలో పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "రోజూ నీ సైకిల్ గంట వినపడగానే నానమ్మ గబగబా విప్పేసేది. అమ్మకి చెప్పకు, బాధపడుతుంది అనేది. నేనూ అదే అనుకున్నాను. అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు, అందుకే చెప్పకూడదు అనుకున్నాను. ఆ గంట కోసం ఎంత ఎదురుచూసేదాన్నో."

అన్నెగ్రెట్ దగ్గర సిద్ధంగా చాలా మాటలున్నాయి. బేకరీ వేళలు, బడిలో చోటు లేకపోవడం, అప్పటికి తన వయసు ఇరవై తొమ్మిది కావడం. అన్నీ నిజాలే. ఒక్కటీ చెప్పాలనిపించలేదు. కూతురికి తెలియని నిజం ఇంకొకటి మిగిలి ఉంది, అదే చెప్పింది.

"ఆ గంట నేను కావాలనే కొట్టేదాన్ని. ఒకసారి చూశాక, ప్రతిరోజూ మలుపు దగ్గర నుంచే కొట్టేదాన్ని. నేనొచ్చేసరికి ఆవిడ విప్పేసి ఉంటుందని. నేను చూడక్కర్లేదని."

మారెన్ ఏడవలేదు. ఆ ముఖాన్ని అన్నెగ్రెట్ ఒకసారి కిటికీలోంచి చూసి ఉంది.

"నీకు తెలియదనుకున్నానమ్మా" అంది చివరికి. "ఆ ఇంట్లో నీకొక్కదానికే తెలియదనుకున్నాను. అందుకే నీకొక్కదానికే ఫోన్ చేస్తూ వచ్చాను ఇన్నేళ్ళూ."

పెట్టె మూత వేసి, "పిస్టల్ ఉంచుకుంటాను. బాగా కుదిరింది. నువ్వు మాత్రం కొన్నాళ్ళు రాకు" అంది. తలుపు దాకా వచ్చి, తల్లి కోటు తీసి తనే తొడిగింది. బొత్తాలు కూడా పెట్టింది. కౌగిలించుకోలేదు.

అన్నెగ్రెట్ ఇల్లు చేరేసరికి హార్ట్‌మూట్ ముంగిట్లో కారు కడుగుతున్నాడు.

"ఏమంది? కుడిదే కావాలందా? చెప్తే విన్నావా?"

"చిన్నప్పుడు మీ అమ్మ దాని చెయ్యి కట్టేసేదని నాకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. కొన్నాళ్ళు రావద్దంది."

అతను స్పాంజి పిండాడు. మళ్ళీ ముంచాడు. "ఎప్పటివో పాత సంగతులు. దానికిప్పుడేం లోటయింది? నువ్వూ ఊరుకోక తవ్వావు." ఆమె కదలకుండా నిలబడటం చూసి, నీళ్ళ గొట్టం కట్టేశాడు. గొంతు తగ్గింది. "నా గురించేమన్నా అందా?"

అన్నెగ్రెట్ అతని వైపు చూసింది. రైల్లో గంటసేపు కిటికీకి తల ఆనించుకుని ఆమె ఆలోచించింది దీని గురించే.

"లేదు హార్ట్‌మూట్. దానికెదురుగా కూర్చుని తిన్నది నువ్వు. నీకు తెలుసా అని అడగాలని దానికి తోచనైనా తోచలేదు."