ఎర్రబడని బోర్డు

సరస్సు మీద గాలి లేస్తోందని వాతావరణ కేంద్రం నుంచి కబురు వచ్చింది. రేవులోని బోర్డును ఎర్రగా మార్చడం నా పని. పచ్చగా ఉంటే పడవలు కదులుతాయి, ఎర్రగా ఉంటే ఆగుతాయి. పడవవాళ్ళు రంగే చూస్తారు, రాత చదివే ఓపిక వాళ్ళకు లేదు. ఆ పడవల్లో ఒకటి మా తమ్ముడిది.

బోర్డు పేజీ తెరిచి, పడవలు ఆపమని రాసి, కోడ్‌లో రంగు పేరును దాని కొటేషన్ గుర్తులతో సహా చెరిపి కొత్తది కొట్టి పంపాను. రాత మారింది. రంగు మారలేదు.

కళ్ళు చించుకుని చూస్తే కొటేషన్ గుర్తులు వంకర తిరిగి ఉన్నాయి. కోడ్‌లో నిటారు గుర్తులే పనిచేస్తాయి, వంకరవి కంప్యూటర్‌కు అర్థం కావు. చెరిపి మళ్ళీ కొట్టాను. నా కళ్ళముందే మళ్ళీ వంకర తిరిగాయి. వీటికంటే కుక్క తోక నయం.

"ఈ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ని ఎవరు ముట్టుకున్నారు?"

పక్క బల్ల దగ్గర కామా గారు తలెత్తారు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరై, మా నోటీసులు సరిచూడటానికి వచ్చిన పెద్దాయన. కామా ఒక్కటి తప్పినా ఊరుకోరని మేం పెట్టుకున్న పేరది.

"నేనేనమ్మా. కొటేషన్లు మేకులు దిగ్గొట్టినట్టున్నాయని, వాటంతటవే అందంగా వంగేలా సెట్టింగు పెట్టాను."

"అందానికి ఇదేమన్నా అచ్చు పుస్తకమా బాబాయ్ గారూ? ఎక్కడ పెట్టారో అక్కడ తీసేయండి."

"ఎక్కడో... పొద్దున కనిపించింది."

ఆయన నా భుజం మీదుగా వంగి మెనూలన్నీ తెరవడం మొదలుపెట్టారు. కిటికీ తలుపు టపటపా కొట్టుకుంది. ఫోన్ మోగింది. చూడకుండా బోర్లించాను. మళ్ళీ మోగింది. బటన్ నొక్కి అప్పటికి దాని నోరు మూయించాను. భయంతో కీబోర్డు నా వైపు లాక్కున్నాను, ఆయన కోపమనుకున్నారు పాపం.

చివరికి ఆయన్ని జరగమని నిన్నటి పేజీ తెరిచాను. అందులో నిటారు గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటినే కాపీ చేసి తెచ్చి అతికించాను. వంగలేదు. పంపాను. బోర్డు ఎర్రబడింది.

అప్పుడు ఫోన్ తిప్పి చూశాను. రెండుసార్లూ తమ్ముడే. తిరిగి చేస్తే ఎత్తలేదు. మా కిటికీలోంచి రేవు కనపడదు, నీళ్ళే కనపడతాయి. కనపడకూడదని కోరుకుంటూనే వాడి పడవ కోసం వెతికాను. "నా చేతులు విరగ" అని గొణుక్కుంటూ కామా గారూ వచ్చి నిలబడ్డారు.

ఫోన్ మోగింది.

"ఏంటక్కా, ఎత్తవు? ఇందాక రాతేమో ఆగమంది, రంగేమో పొమ్మంది. ఏది నమ్మాలో అడుగుదామని చేశాను."

"ఎక్కడున్నావురా?"

"రేవులోనే. ఎత్తలేదంటే దేనితోనో కుస్తీ పడుతున్నావని తెలుసుగా. తాడు విప్పలేదు. వీళ్ళనీ విప్పనివ్వలేదు. ఇప్పటిదాకా అదే గొడవ."

నాకు ఏడుపు ఆగలేదు. "మీరెవరూ రాత చదవరు కదరా?"

"వాళ్ళు చదవరు. నువ్వు రాసింది నేను చదవనా అక్కా?"